ట్రస్టా, సొసైటీయా? ముందు దిగిపోయే దారి రాసుకుందాం

పదిమంది కలిసి ఊళ్ళో ఏదో ఒక మంచిపని మొదలుపెట్టి, అది ఏడాదిపాటు ఆగకుండా నడిచిందంటే చాలు, "దీన్ని రిజిస్టర్ చేయించండి" అనేవాళ్ళు బయల్దేరతారు. వాళ్ళే వెంటనే "ట్రస్టు పెట్టేయండి, తేలిక" అని కూడా అంటారు. ఆడిటర్‌ని అడిగితే ఆయన మాటా అదే. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చునే డాక్యుమెంట్ రైటర్ దగ్గర డీడ్ నమూనా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, పేర్లు మార్చి ప్రింటు తీయడమే. ట్రస్టీలు ఇద్దరున్నా సరిపోతుంది. పెద్దగా తిరగక్కర్లేకుండానే కాగితం చేతికొస్తుంది.

తెనాలి పక్కన మా ఊళ్ళో మేం కొందరం కలిసి నడుపుతున్న పఠనాలయానికి ఇప్పుడు ఈ సలహాల కాలం వచ్చింది. రిటైరైన హెడ్మాస్టరు గారు ట్రస్టు అంటున్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మా ఊరి కుర్రాళ్ళు సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభాపేక్ష లేని కంపెనీ, పెడదామంటున్నారు. అమెరికాలో స్థిరపడిన ఒకాయన "ఏదో ఒకటి చేసి 80జీ (విరాళమిచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు) తెప్పించండి, డబ్బు సంగతి నేను చూసుకుంటా" అంటున్నాడు. నేను సొసైటీ అంటున్నాను. తేలికనో, ఖర్చు తక్కువనో కాదు. ఈ మూడింట్లో, పెట్టిన మమ్మల్ని రేపు ఊళ్ళో చదువరులు కాదనుకుంటే ఓటు వేసి దించేసే దారి మామూలుగా ఉండేది దాంట్లోనే. మిగతావాళ్ళంతా సంస్థ ఎలా పుట్టాలన్నదే చూస్తున్నారు. గొడవ వచ్చిన రోజున అది ఎలా ఉంటుందన్నది నా బెంగ.

అసలు రిజిస్ట్రేషన్ అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ ప్రశ్న ఎవరూ వేయరు. నిజానికి మన ఊళ్ళలో అందరికంటే పద్ధతిగా నడిచే సంఘాలు రిజిస్టర్ కానివే. డ్వాక్రా సంఘాల సంగతే చూడండి. పది పదిహేను మంది ఆడవాళ్ళు, ఒక మినిట్స్ పుస్తకం, ఒక పొదుపు ఖాతా, సంతకాలు పెట్టే ఇద్దరు లీడర్లు. ఏ రిజిస్ట్రార్ దగ్గరా వాళ్ళ పేరుండదు. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే పథకం మొదలుపెట్టినప్పుడు, రిజిస్టర్ కాకపోయినా సంఘం పేరు మీదే ఖాతా తెరవొచ్చన్నారు. ఆ ఒక్క వెసులుబాటు మీద ఎంత నిర్మాణం లేచిందో మన రెండు రాష్ట్రాల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వారం వారం కూర్చోవడం, పొదుపు చేయడం, అప్పులిచ్చుకోవడం, తిరిగి కట్టడం, లెక్క రాయడం. ఈ అయిదింటినీ పంచసూత్రాలని చెప్పుకుంటారు. సర్టిఫికెట్ అన్నది ఆ అయిదింట్లో లేదు.

కాబట్టి ఆదివారం పూట చెరువుగట్టు మీద మొక్కలు నాటేవాళ్ళు, సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెప్పేవాళ్ళు, నెలకోసారి పుస్తకాల మీద మాట్లాడుకునేవాళ్ళు రిజిస్ట్రేషన్ కోసం పరుగెత్తాల్సిన పనిలేదు. ఒక తీర్మానాల పుస్తకం పెట్టుకుని, డబ్బు లెక్క నెలనెలా వాట్సాప్ గ్రూపులో పెడితే చాలా దూరం వెళ్తారు.

అయితే రెండు విషయాలు మెడకు చుట్టుకున్నప్పుడు ఇక తప్పదు. ఒకటి డబ్బు, రెండోది జాగా.

డబ్బు సంగతి నేను బ్యాంకులో పనిచేసిన కాలంలో దగ్గర్నుంచి చూశాను. ఒక ఊరి యువజన సంఘం, పేరున్న సంఘమే, వసూళ్ళన్నీ కోశాధికారి సొంత ఖాతాలో దాచుకుంది. మనిషి నిక్కచ్చి, అతని మీద ఎవరికీ అనుమానం లేదు. రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఖాతాకి నామినీ భార్య. ఆమె కాదనలేదు పాపం, కానీ ఆ డబ్బులో సంఘానిది ఎంత, ఆయనది ఎంత అని చెప్పే కాగితం లేదు. నామినీ అంటే వారసుల తరఫున డబ్బు తీసుకునే మనిషే తప్ప సొంతదారు కాదు. ఆయన అన్నదమ్ములు, పిల్లల చదువులు, ఇంటి అప్పు అన్నీ ఆ ఖాతా చుట్టూ చేరాయి. సంఘం వాళ్ళు మా కౌంటర్ ముందుకొచ్చి "అది మా డబ్బు సార్" అంటే మేం చేయగలిగింది ఏమీ లేదు. ఇప్పుడు ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చాక ఇది ఇంకా పెరిగింది. విరాళాల క్యూఆర్ కోడ్ కింద ఒక మనిషి పేరు కనబడుతుంటే నాకు ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంటుంది.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రిజిస్టర్ కాని సంఘానికీ ఖాతా ఇవ్వొచ్చు. తీర్మానం కాపీ, పాన్ కార్డు, ఫలానావాళ్ళు నడుపుతారన్న అధికార పత్రం, సంఘం నిజంగా ఉందని తెలిపే కాగితాలు చూపించాలి. కానీ బ్రాంచిలో కూర్చున్న మేనేజరుకి అదంతా తలనొప్పి. "రిజిస్ట్రేషన్ తెచ్చుకోండి" అని పంపేస్తాడు. నేనూ ఆ కుర్చీ చూసినవాణ్ణే కాబట్టి అతన్ని పెద్దగా తప్పుపట్టను.

జాగా సంగతి ఇంకా పెద్దది. దానికి చివర్లో వస్తాను, మా అసలు గొడవ అక్కడే ఉంది.

ఇక ట్రస్టు. ట్రస్టు చెడ్డదని నేననను. అది ఏ పని కోసం పుట్టిందో ఆ పనికి చక్కగా సరిపోతుంది. ఒక మనిషి తన ఆస్తిలో కొంత పక్కన పెట్టి, "దీని మీద వచ్చే రాబడితో మా అమ్మ పేరు మీద ఏటా పదో తరగతి పిల్లలకి స్కాలర్‌షిప్పులు ఇవ్వండి" అని నమ్మకస్తుల చేతిలో పెట్టడం ట్రస్టు. అక్కడ ముఖ్యం ఇచ్చినవాడి కోరిక. ఆయన పోయాక కూడా ఆ కోరిక మారకూడదు, ఆస్తి చెదరకూడదు. అందుకే ట్రస్టు డీడ్‌ని అంత తేలిగ్గా మార్చనివ్వరు. అందుకే ట్రస్టీని దించడం అంత కష్టం. అది లోపం కాదు, దాని స్వభావమే అంత.

మా పఠనాలయంలో ఆస్తి పెట్టిన మహానుభావుడెవరూ లేరు. నెలకు వంద, రెండు వందలు చందా ఇచ్చేవాళ్ళున్నారు. అటక మీద పుస్తకాలు దించి ఇచ్చినవాళ్ళున్నారు. సాయంత్రం తాళం తీసి ఊడ్చే ఇంటర్ కుర్రాడున్నాడు. వీళ్ళలో ఏ ఇద్దరినో, అయిదుగురినో ట్రస్టీలుగా రాస్తే మిగతావాళ్ళు ఏమవుతారు? చట్టం దృష్టిలో లబ్ధిదారులవుతారు. అంటే వచ్చి పేపరు చదువుకుని వెళ్ళిపోయేవాళ్ళు. చందా కట్టినా ఓటుండదు, లెక్క అడిగితే చెప్పాలో వద్దో ట్రస్టీల దయ. పైగా బజారులో దొరికే డీడ్ నమూనాల్లో "ఫౌండర్ ట్రస్టీ జీవితకాలం మేనేజింగ్ ట్రస్టీగా ఉండును, వారి అనంతరం వారు నామినేట్ చేసిన వారు" అన్న వాక్యం దాదాపు ఖాయం. ఊరి గ్రంథాలయం ఒక సంతకంతో కుటుంబ ఆస్తి లాంటిదైపోతుంది. ఎవరికీ దురుద్దేశం ఉండక్కర్లేదు.

ట్రస్టీలు దారి తప్పితే ఏం చేయాలి? సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 92 ఉంది. ప్రజాప్రయోజన ట్రస్టు మీద ఆసక్తి ఉన్నవాళ్ళు కనీసం ఇద్దరు, ముందు కోర్టు అనుమతి తీసుకుని, జిల్లా కోర్టులో దావా వేయాలి. ఊళ్ళో మొహం మొహం చూసుకుంటూ బతికేవాళ్ళు పుస్తకాల గది కోసం ఆ పని చేస్తారా? చేయరు. రావడం మానేస్తారు. ఏడాది తిరిగేసరికి తలుపులు మూసుకుంటాయి.

ఇంకో సంగతి. 1882 నాటి ఇండియన్ ట్రస్టుల చట్టం ప్రైవేటు ట్రస్టులకు రాసింది. మహారాష్ట్రలోలాగా పబ్లిక్ ట్రస్టులన్నిటినీ 1950 నాటి చట్టం కింద చారిటీ కమిషనర్ చూసే పద్ధతి మన దగ్గర లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నది 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం. గుడి, సత్రం, అన్నదానం లాంటి పనులు పెట్టుకునేవాళ్ళు డీడ్ రాసేముందే ఆ చట్టం తెలిసిన లాయర్‌తో ఒక గంట కూర్చోవడం మంచిది. అలా కూర్చునేవాళ్ళు తక్కువ.

సొసైటీల చరిత్ర వేరు. 1857 తిరుగుబాటు అయిన మూడేళ్ళకే, 1860లో, సాహిత్య, విజ్ఞాన, ధార్మిక సంఘాల కోసమని బ్రిటిష్‌వాళ్ళు చట్టం తెచ్చారు. ఆంధ్ర వైపు అదే నడిచింది. తెలంగాణలో నిజాం కాలపు చట్టం, ఫసలీ లెక్కలో 1350 నాటిది, ఉండేది. ఈ రెంటినీ పక్కనపెట్టి ఉమ్మడి రాష్ట్రంలో 2001లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం చేశారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దాన్నే తన పేరుతో కొనసాగించింది. కనీసం ఏడుగురు కావాలి. ఆశయాలు చెప్పే మెమొరాండం ఒకటి, నియమాలు చెప్పే బైలా ఒకటి. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. రిజిస్టర్ అయ్యాక సంఘం తన పేరు మీద ఆస్తి ఉంచుకోవచ్చు, దావా వేయొచ్చు, దాని మీద వేయించుకోవచ్చు. కోశాధికారి పోతే సంఘం డబ్బు ఆయన వారసుల వైపు వెళ్ళదు.

నాకు ముఖ్యమైంది సభ్యుడనే మాట. అందులో సర్వసభ్య సమావేశం ఉంటుంది, అక్కడ లెక్కలు చదవాలి, అక్కడ కార్యవర్గాన్ని ఎన్నుకోవాలి, ఎన్నికైనవాళ్ళ జాబితా ఏటేటా రిజిస్ట్రార్‌కి పంపాలి. మన తెలుగువాళ్ళ గ్రంథాలయాలు ఇలాంటి ఒరవడిలోంచే వచ్చాయి. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలయ్యాయి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగారు. నిజాం రాజ్యంలో అయితే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు వల్ల సభ పెట్టాలన్నా ముందు అనుమతి కావాల్సి వచ్చేది. అలాంటి రోజుల్లో కూడా జనం పుస్తకాల చుట్టూ సంఘాలు కట్టుకున్నారు. మొదలుపెట్టిన తరమంతా పోయింది. వేటపాలెంలో గ్రంథాలయం ఇంకా ఉంది. ఒక తరం చేతిలోంచి ఇంకో తరం చేతిలోకి పోగలిగిందే అంతకాలం మిగులుతుంది.

ఇక్కడ హెడ్మాస్టరు గారి వాదన కూడా చెప్పాలి, ఎందుకంటే అది గట్టిది. "ఒరేయ్, సొసైటీ అంటే ఎన్నికలు. ఎన్నికలంటే మన ఊళ్ళో పార్టీలు. నువ్వు ఏళ్ళ తరబడి కూడబెట్టిన పుస్తకాలు ఒక్క మధ్యాహ్నం మీటింగులో ఎవరి చేతుల్లోకి పోతాయో తెలుసా?" అన్నారు. తెలుసు. కళ్ళారా చూశాను కూడా. ఒక ఉద్యోగుల సాంస్కృతిక సంఘంలో ఎన్నికలకి వారం ముందు ఎవరో మొత్తం సభ్యత్వ రుసుము ఒక్కచేత్తో కట్టి, రంగస్థలం మొహం చూడనివాళ్ళని కట్టలు కట్టలుగా చేర్పించారు. పాతవాళ్ళు ఓడారు. ఓడినవాళ్ళు ఊరుకోకుండా వేరే మీటింగు పెట్టుకుని ఇంకో కార్యవర్గాన్ని ఎన్నుకున్నారు. రిజిస్ట్రార్ ఆఫీసుకి ఒకే సంఘం పేరుతో రెండు జాబితాలు వెళ్ళాయి. ఎవరిది అసలుదో తేల్చడం రిజిస్ట్రార్ పని కాదు. చట్టంలో సెక్షన్ 23 ప్రకారం మధ్యవర్తిత్వానికైనా పోవాలి, జిల్లా కోర్టుకైనా పోవాలి. ఈలోగా బ్యాంకు ఖాతా స్తంభించిపోయింది. నాటకాలు ఆగిపోయాయి.

కాబట్టి సొసైటీలో గొడవలు రావని నేను చెప్పను. వచ్చే గొడవని ఆపగలిగే చోటు బైలా అని, ఆ బైలాని మనమే రాసుకోవచ్చని చెబుతాను. ట్రస్టు డీడ్‌లో కూడా రాసుకోవచ్చు కదా, ట్రస్టీల పదవీకాలం పెట్టొచ్చు కదా అంటే పెట్టొచ్చు. కానీ ఆ డీడ్ రాసేది ఆ ట్రస్టీలే, తర్వాత వాళ్ళని నిలదీసే హక్కున్న సభ్యుడెవడూ ఉండడు. మొహమాటం మీద ఆధారపడ్డ నియమం అది.

మన వాళ్ళు బైలాని ఎంత తేలిగ్గా తీసుకుంటారంటే, పక్క సంఘం బైలా జిరాక్స్ తెచ్చి పేరు కొట్టేసి దాఖలు చేస్తారు. ఒక వయోవృద్ధుల సంఘం బైలాలో "క్రీడాకారులకు కిట్లు పంపిణీ" అన్న ఆశయం చూశాను. నవ్వుకుని వదిలేయొచ్చు గానీ, అదే జిరాక్స్‌లో కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస సభ్యులు) ఎంత, నోటీసు ఎన్ని రోజులు, ఓటు ఎవరికి అన్నవి కూడా పక్క సంఘానివే వచ్చేస్తాయి.

మేం రాసుకుంటున్నదాంట్లో నేను పట్టుబట్టినవి కొన్ని చెబుతాను. సభ్యత్వం తీసుకుని ఏడాది నిండనివాళ్ళకి ఓటు లేదు. దీంతో వారం ముందు కట్టలు కట్టలుగా చేర్పించే వ్యవహారానికి చాలావరకు తలుపు పడుతుంది. ఎవరి రుసుము వాళ్ళ ఖాతా నుంచే రావాలి. చేతినిండా కాగితాలు తెచ్చి ఇంకొకరి తరఫున ఓటేయడం కుదరదు. ఖాతా మీద ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఊళ్ళో ఇది రాయడానికి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, అయినా రాశాం. సమావేశం నోటీసు గోడ మీద అంటించి, సభ్యుల ఫోన్లకి కూడా పంపాలి, పంపిన స్క్రీన్‌షాట్ మినిట్స్ పుస్తకంలో అతికించాలి. కోరం మాత్రం తక్కువ పెట్టాం. మూడింట రెండొంతులు అని గొప్పగా రాసుకుంటే పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక్క సమావేశమూ జరగదు, జరగని సమావేశాలకి దొంగ సంతకాలు పుట్టుకొస్తాయి. సంఘాన్ని మూసేయాల్సి వస్తే పుస్తకాలు, డబ్బు ఎవరికి పోవాలో కూడా రాశాం. సభ్యులెవరికీ పైసా పంచేది లేదు, ఇలాంటి పనే చేసే ఇంకో సంఘానికి పోవాలి.

సెక్షన్ 8 కంపెనీ గురించి ఎక్కువ మాట్లాడను. లాభాపేక్ష లేని కంపెనీ అది, 1956 కంపెనీల చట్టంలో సెక్షన్ 25గా ఉండేది, 2013 చట్టంలో 8 అయింది. పెద్ద నిధులు తెచ్చుకుని జీతగాళ్ళని పెట్టుకుని పనిచేసేవాళ్ళకి బాగుంటుంది, పద్ధతి ఉంటుంది, కంపెనీలు సామాజిక బాధ్యత కింద (సీఎస్ఆర్) డబ్బు ఇచ్చేటప్పుడు ఆ పేరుకి విలువిస్తాయన్నదీ నిజమే. కానీ ఒక్క రూపాయి రాబడి లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు. లెక్కలకో ఫారం, వార్షిక రిటర్నుకో ఫారం దాఖలు చేయాలి, ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయల రుసుము పడుతుంది. గడియారం ఆగదు. మా పఠనాలయం ఏడాది పేపర్ల బిల్లు కంటే ఆడిటర్ ఫీజు ఎక్కువవుతుంది. కుర్రాళ్ళకి ఇది చెప్పాక వాళ్ళే తగ్గారు. "మేం చూసుకుంటాం అంకుల్, ఆన్‌లైనే కదా" అన్నాడు ఒకడు. వాడు వచ్చే ఏడాది కెనడా వెళ్తున్నాడు.

సహకార సంఘం మాట ఎవరూ ఎత్తలేదు గానీ, మన గడ్డ మీద దానికో గౌరవమైన కథ ఉంది. 1964 సహకార చట్టం కింద ప్రభుత్వం పాలకవర్గాన్ని రద్దు చేసి పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టగలిగేది, ఎన్నికలు వాయిదా వేయగలిగేది. సహకారం పేరే గానీ పగ్గాలు సర్కారు చేతిలో ఉండేవి. దీనికి విరుగుడుగా 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. మాక్స్ చట్టం అంటారు. ప్రభుత్వ వాటా తీసుకోకుండా, ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలకి దేశంలో మొదటగా దారి వేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. వరంగల్, కరీంనగర్ వైపు పొదుపు సంఘాలు దీని నీడన బాగా అల్లుకున్నాయి. డ్వాక్రా సంఘాల పైన ఉండే సమాఖ్యలు చాలావరకు దీని కిందే రిజిస్టరయ్యాయి. పాల సంఘాలను ఈ చట్టం నుంచి తప్పించి మళ్ళీ పాత చట్టం కిందికి లాగాలని 2006లో ప్రభుత్వం చూస్తే హైకోర్టు కొట్టేసింది, 2011లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు వైపే నిలిచింది. ఒకసారి సభ్యుల చేతికి వెళ్ళిన పగ్గాలు వెనక్కి లాక్కోవడం అంత తేలిక కాదని ఆ తీర్పుతో తేలింది. మీ సంఘంలో సభ్యుల డబ్బు సభ్యుల మధ్యే తిరుగుతుంటే, అంటే పొదుపు, అప్పు, విత్తనాలు కలిసి కొనడం, పంట కలిసి అమ్మడం ఉంటే, మాక్స్ గురించి ఆలోచించండి. సొసైటీ దానికి తగదు. మా దగ్గర తిరిగేది పుస్తకాలే కాబట్టి మాకు అక్కర్లేదు.

ఇప్పుడు అమెరికా ఆయన మాటకొద్దాం. కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఈ ఘట్టం రాని సంఘం ఉండదు. మనిషి మంచివాడు, ఊరి మీద ప్రేమ నిజమైంది. కానీ ఆయనకిప్పుడు అమెరికా పౌరసత్వం ఉంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్ళకిచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళాల చట్టం దృష్టిలో ఆయన విదేశీయుడే. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగినవాళ్ళు, ఒకే నగరంలో ఉంటారు, ఒకరి డబ్బు తీసుకోవచ్చు, రెండోవారిది ఆ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకుంటే నేరం. ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే సంఘం పుట్టి మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో ఆశయాల మీద కనీసం పదిహేను లక్షలు ఖర్చు చేసి ఉండాలి, ఆ డబ్బు దించుకునే ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే తెరవాలి. "అయితే మా బావమరిది ఖాతాలో వేస్తా, మీరు అక్కణ్ణుంచి తీసుకోండి" అన్నాడాయన. వద్దని దండం పెట్టాం. వచ్చినప్పుడు పుస్తకాల గురించి పిల్లలతో మాట్లాడమని అడిగాం. అది మాకు ఎక్కువ పనికొస్తుంది.

80జీ కూడా అంత పెద్ద ఆకర్షణేం కాదిప్పుడు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి ఆ మినహాయింపు రాదు. 2023-24 నుంచి ఎవరూ ఏమీ ఎంచుకోకపోతే పడేది కొత్త విధానంలోకే. ఇక 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ల నెంబర్లే మారిపోయాయి, అలవాటు కొద్దీ అందరం పాత పేరుతోనే పిలుస్తున్నాం. నెలకు రెండు వందలు ఇచ్చే మా చందాదారుల్లో పన్ను రాయితీ అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. పన్ను నమోదు సొసైటీకీ వస్తుంది, ట్రస్టుకీ వస్తుంది, కంపెనీకీ వస్తుంది. దాన్నిబట్టి రూపం ఎంచుకోవడం అనవసరం. ముందు సంఘం నిలబడనిద్దాం.

చివరికి మిగిలింది జాగా. పఠనాలయం నడుస్తున్నది హెడ్మాస్టరు గారి పాత ఇంటి వీధి గదిలో. "ఇచ్చేశాను, తీసుకోండి" అంటారాయన, మనస్ఫూర్తిగానే. కానీ స్థిరాస్తి నోటిమాటతో చేతులు మారదు. దానం ఇవ్వాలంటే ఇద్దరు సాక్షులతో గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేయాలి. ఆయన పిల్లలు బెంగళూరులో ఉన్నారు, వాళ్ళకి ఈ గది మీద ఏ అభిప్రాయం ఉందో ఎవరూ అడగలేదు. ఆయన ట్రస్టు అనడానికి కారణం కూడా ఈ గదే అని నాకు తర్వాత అర్థమైంది. గది నాది, కాబట్టి కుర్చీ నాది అని ఆయన నోటితో అనరు, ఆ మాట కొస్తే అలాంటి మనిషీ కాదు. గది ఇచ్చాక తనని పక్కన పెట్టేస్తారేమోనన్న భయం మాత్రం ఉంది. న్యాయమైన భయమే.

అందుకని గదినీ కుర్చీనీ విడదీద్దామని నేనన్నాను. దానపత్రం ఇప్పుడే వద్దు. పిల్లలతో మాట్లాడుకుని, సొసైటీ పేరు మీద పదేళ్ళకో పదిహేనేళ్ళకో లీజు రాసి రిజిస్టర్ చేయించండి, అద్దె ఏడాదికి వంద రూపాయలు పెట్టినా సరే. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పదు, పదకొండు నెలల కాగితాలతో గ్రంథాలయం నడవదు. గదిని పఠనాలయానికి తప్ప వేరే పనికి వాడితే లీజు రద్దవుతుందని రాసుకోండి. గది మీద మీ పట్టు మీకుంటుంది. కార్యవర్గం మాత్రం రెండేళ్ళకోసారి ఎన్నికవుతుంది, ఏ పదవిలోనైనా వరసగా రెండు దఫాలే.

లీజుకి ఒప్పుకున్నారు. రెండు దఫాల నియమం దగ్గర మాత్రం ఆగారు. మధ్యేమార్గంగా ఎవరో "శాశ్వత గౌరవాధ్యక్షులు" అన్న పదవి ఒకటి పెడదామన్నారు. ఓటు, సంతకం లేకుండా అయితే నాకు అభ్యంతరం లేదని చెప్పాను. బైలా ముసాయిదాలో ఆ పేరా ఇంకా ఖాళీగానే ఉంది. మిగతా ఆరుగురి సంతకాలూ అయ్యాయి, ఏడో సంతకం ఆయనది.